నొప్పి మందుకు ముందు వేసే మార్కులు

దీర్ఘకాలిక నొప్పితో వచ్చిన రోగికి ఓపియాయిడ్ (మార్ఫిన్ తరహా నొప్పి నివారణ) మందు రాసే ముందు, అది మున్ముందు దుర్వినియోగానికి దారితీస్తుందేమో అంచనా వేయడానికి అమెరికా వైద్యులు కొన్ని ప్రశ్నావళులు వాడతారు. వాటిలో బాగా ప్రచారంలోకి వచ్చినది 2005లో లిన్ వెబ్‌స్టర్, రెబెకా వెబ్‌స్టర్ ప్రచురించిన ఓపియాయిడ్ రిస్క్ టూల్. రోగికి గానీ కుటుంబంలో గానీ మద్యం, మాదకద్రవ్యాలు, డాక్టరు రాసే మందుల వ్యసనం ఉండేదా, వయసు 16 నుంచి 45 లోపేనా, చిన్నతనంలో లైంగిక హింసకు గురయ్యారా, మానసిక వ్యాధులున్నాయా అని అడిగి మార్కులు వేస్తారు. 3 వరకు వస్తే ముప్పు తక్కువ, 4 నుంచి 7 అయితే మధ్యస్థం, 8 గానీ ఆపైన గానీ వస్తే ఎక్కువ.

లెక్క నిమిషంలో తేలిపోతుంది గానీ, అసలు చిక్కు మార్కులు పంచిన తీరులో ఉంది. నడుంనొప్పితో వచ్చిన 40 ఏళ్ల స్త్రీ ఒకరున్నారనుకుందాం. ఆమె మద్యం ముట్టలేదు, ఇంట్లోనూ ఎవరికీ వ్యసనాలు లేవు. అయినా వయసుకు 1, డిప్రెషన్‌కు 1, చిన్నతనంలో లైంగిక హింసకు గురైనందుకు 3 కలిపి 5 వచ్చి, మధ్యస్థ ముప్పు వర్గంలో చేరిపోతుంది. అచ్చం ఇదే గతమున్న పురుషుడైతే, ఆ 3 మార్కులు స్త్రీలకే వేస్తారు గనుక, 2తో బయటపడతాడు. ఎవరో చేసిన అఘాయిత్యానికి ఆమెను అనుమానించడం నా దృష్టిలో అన్యాయమే. 2019లో వచ్చిన సవరణ రూపంలో ఆ ప్రశ్నను తొలగించి, మిగిలిన వాటన్నిటికీ ఒక్కో మార్కే ఇచ్చారు.

దుర్వినియోగం, వ్యసనం ఒకటి కావని కూడా గుర్తుంచుకోవాలి. నొప్పి భరించలేని రాత్రి చెప్పినదానికన్నా ఒక మాత్ర ఎక్కువ వేసుకున్నా దుర్వినియోగమే. నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా మానుకోలేకపోవడం వ్యసనం. దీర్ఘకాలిక నొప్పికి ఓపియాయిడ్లు వాడేవారిలో 2015 నాటి ఒక సమీక్ష మొదటిదాన్ని 21 నుంచి 29 శాతంగా, రెండోదాన్ని 8 నుంచి 12 శాతంగా అంచనా వేసింది.

రోగి ఏ మందులు వాడుతున్నారో తెలుసుకోవడానికి చేసే మూత్ర పరీక్షనూ గుడ్డిగా నమ్మడానికి లేదు. గసగసాలు వేసిన కూర తిన్నవారి మూత్రంలో మార్ఫిన్ కనబడవచ్చు. అదే పరీక్ష ఫెంటనిల్ అనే కృత్రిమ ఓపియాయిడ్‌ను పట్టుకోలేకపోవచ్చు.

ఇన్ని లోపాలున్నందున, మార్కులు ఎక్కువ వచ్చినంత మాత్రాన మందు నిరాకరించడం సరికాదు. ఇప్పటికే వాడుతున్నవారికి ఒక్కసారిగా ఆపేస్తే నొప్పి ముదిరి, ఆత్మహత్య ఆలోచనలకూ దారితీయవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో హెచ్చరించింది. ముప్పు ఎక్కువని తేలినవారికి కొద్ది రోజులకు సరిపడా మాత్రలే ఇచ్చి, తరచుగా పిలిపించి చూస్తూ, మోతాదు మించితే ప్రాణం కాపాడే నలాక్సోన్‌ను ఇంట్లో ఉంచి, దాన్ని వాడే విధానం కుటుంబసభ్యులకు నేర్పాలి.