నది సరిహద్దయ్యాక: కొమారోమ్-ఎస్టెర్గోమ్ కథ

హంగేరి కౌంటీల్లో విస్తీర్ణం పరంగా అన్నిటికన్నా చిన్నది కొమారోమ్-ఎస్టెర్గోమ్. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే. విస్తీర్ణం సుమారు 2,260 చదరపు కిలోమీటర్లు, జనాభా 3 లక్షలకు అటూఇటూ. పేరులో రెండు ఊళ్లున్నా జిల్లా కేంద్రం మాత్రం తతబాన్య అనే మూడో ఊరు. పైగా కొమారోమ్ పాతబస్తీ అసలు హంగేరిలోనే లేదు. డాన్యూబ్ నదికి అవతల, స్లొవేకియాలో ఉంది. ఈ చిక్కు అర్థం కావాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు నేల సంగతి. ఉత్తరపు హద్దు డాన్యూబ్. తూర్పున పిలిష్ కొండలు, నడుమ గెరెచె, దక్షిణాన వెర్తెష్. గెరెచె శిఖరం ఎత్తు 634 మీటర్లే. ఈ కొండల్లో ఎక్కువ భాగం సున్నపురాయి. ఆ రాయి లోపల నీళ్లు నిండి ఉంటాయి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

ఎస్టెర్గోమ్ హంగేరి తొలి రాజు స్టీఫెన్ పుట్టిన ఊరు. 1000వ సంవత్సరం చివరో 1001 మొదట్లోనో ఆయన పట్టాభిషేకం అయ్యాక కోటల చుట్టూ కౌంటీలు ఏర్పాటు చేశాడు. హంగేరియన్ భాషలో వాటిని ‘వార్మెజె’ అంటారు, ‘వార్’ అంటే కోట. 1950లో ‘వార్’ తీసేసి ఒట్టి ‘మెజె’ చేశారు. 2023 జనవరి 1న మళ్లీ ‘వార్మెజె’ అని మార్చారు. 1543లో ఒట్టోమన్ సైన్యం ఎస్టెర్గోమ్‌ను పట్టుకుంది. ఆర్చిబిషప్ (పెద్ద క్రైస్తవ మతగురువు) పీఠం వేరే ఊరికి తరలిపోయి, తిరిగి రావడానికి 1820 దాకా పట్టింది. కొండ మీద కనిపించే బసిలికా అనే పెద్ద చర్చి ఆ తర్వాత కట్టిందే.

అసలు దెబ్బ 1920లో తగిలింది. అప్పటిదాకా కొమారోమ్, ఎస్టెర్గోమ్ రెండు వేర్వేరు కౌంటీలు. రెండూ డాన్యూబ్‌కు ఇరువైపులా ఉండేవి, నది వాటి మధ్యలోంచి పారేది. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన హంగేరితో జూన్ 4న ట్రియనాన్ ఒప్పందం మీద సంతకం పెట్టించారు. ఇక్కడ నదినే సరిహద్దు చేశారు. ఉత్తరపు ఒడ్డు చెకొస్లొవేకియాకు పోయింది, ఇప్పటి స్లొవేకియా అప్పుడు అందులో భాగం. దాంతోపాటే నవలాకారుడు మోర్ యోకాయి పుట్టిన కొమారోమ్ కూడా పోయింది. హంగేరికి మిగిలింది దక్షిణపు ఒడ్డున ఉన్న పేట. దాని పేరు ఊయ్‌సోన్య్, 1896లోనే కొమారోమ్‌లో కలిపేశారు. 1923లో రెండు కౌంటీల మిగులు ముక్కలను ఒకటిగా చేసి, రెండు పేర్లూ పెట్టారు. 1938లో ఉత్తరపు ఒడ్డు హంగేరికి తిరిగొచ్చింది, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మళ్లీ పోయింది.

మరి తతబాన్య ఎలా వచ్చింది? బొగ్గు వల్ల. 1896లో అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి, 1947లో నాలుగు ఊళ్లను కలిపి నగరం చేశారు, 1950లో జిల్లా కేంద్రాన్ని ఎస్టెర్గోమ్ నుంచి అక్కడికి మార్చారు. కార్మికుల పేరు చెప్పే కమ్యూనిస్టు ప్రభుత్వానికి బిషప్పుల ఊరికన్నా గనుల ఊరే నచ్చడంలో వింత లేదు. ఆ గనుల మూల్యం పక్కనున్న తత అనే ఊరు చెల్లించింది. గనుల్లోకి నీళ్లు రాకుండా సున్నపురాయిలోని నీటిని పంపులతో తోడేస్తూ పోయారు. తతలో ఏళ్లుగా పొంగే ఊటలు 1970ల నాటికి ఎండిపోయాయి. గనులు మూతపడి, పంపులు ఆగాక ఊటలు నెమ్మదిగా తిరిగొచ్చాయి. నీళ్లు లేని రోజుల్లో కట్టిన ఇళ్ల పునాదుల్లోకి ఇప్పుడు చెమ్మ ఎక్కుతోంది.

నన్ను అన్నిటికన్నా కదిలించేది మాత్రం ఎస్టెర్గోమ్ వంతెన. యానోష్ ఫెకెతెహాజి డిజైన్ చేసిన ఆ ఇనుప వంతెన 1895లో తెరుచుకుంది. అప్పటి చక్రవర్తి ఫ్రాన్జ్ యోసెఫ్ చిన్న కూతురు మారియా వలేరియా పేరు పెట్టారు. 1919లో ఒక భాగం పేల్చేశారు, 1920ల్లో బాగుచేశారు. 1944 డిసెంబర్ 26న వెనక్కి వెళ్తున్న జర్మన్ సైన్యం దాన్ని కూల్చేసింది. తర్వాత రెండు దేశాలూ ఒకే సోవియట్ కూటమిలో ఉన్నాయి, సోదర దేశాలమని చెప్పుకున్నాయి. అయినా వంతెన కట్టలేదు. ఒడ్డుల దగ్గర వంతెన మొండి ముక్కలు మిగిలాయి, నడుమ నది. అటువైపు ఊరికి 1948లో ష్టూరొవొ అని పేరు మార్చారు. అక్కడి హంగేరియన్లకు అది ఇప్పటికీ పార్కాన్యే. ఒకే భాష మాట్లాడే రెండు ఊళ్ల వాళ్లు ఎదురెదురుగా ఉండి కూడా దాటడానికి పడవ కోసం చూడాల్సి వచ్చింది. దాదాపు 57 ఏళ్లు అంటే రెండు తరాలు.

1999లో ఒప్పందం కుదిరింది, ఐరోపా సమాఖ్య డబ్బు సాయం చేసింది. 2001 అక్టోబర్ 11న వంతెన మళ్లీ తెరుచుకుంది. 2007 డిసెంబర్ చివర్లో షెంజెన్ ఒప్పందంతో పాస్‌పోర్ట్ తనిఖీలూ పోయాయి. ఎస్టెర్గోమ్‌లో 1992 నుంచి నడుస్తున్న సుజుకీ కార్ల ఫ్యాక్టరీకి అవతలి ఒడ్డు నుంచి కూడా జనం పనికి వస్తారు. ఇంట్లో స్లొవేకియా యూరోలు, ఫ్యాక్టరీలో హంగేరి ఫోరింట్లు, రెండుచోట్లా హంగేరియన్ మాటలే.