సంఘం కార్డు మీది మూడు పేర్లు

చిరంజీవులకు ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు నా పాత సంఘం కార్డు చూసి, దాని మీద మూడు పేర్లు ఎందుకున్నాయని అడిగారు. ఆనాడు తీరిక దొరకలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

మొదటిది మా విశాఖ పోర్టు కార్మిక సంఘం పేరు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం ఏడుగురు సంతకాలు చేసి సంఘాన్ని నమోదు చేయమని అడిగే వీలుండేది. 2001లో చట్టాన్ని సవరించి, ఆ సంస్థ కార్మికుల్లో పదో వంతు మందిగాని వందమందిగాని, ఏది తక్కువైతే అంతమంది సభ్యులై ఉండాలన్నారు. నమోదు తేలికే, షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడి చందా రాసుకుంటూ, ఎవరి కష్టం ఏమిటో ఓపికగా వినే మనిషి లేకపోతే ఆ సంఘం నిలవదు.

రెండవది సమాఖ్య పేరు. ఇక్కడ మేము పని ఆపితే ఓడ పారాదీప్‌కో చెన్నైకో మళ్లిపోతుంది కాబట్టి, ఒక్క రేవు కార్మికులు ఒంటరిగా గెలవడం కష్టం. అందుకే రేవుల సంఘాలు సమాఖ్యలుగా ఏర్పడి, ప్రధాన రేవులన్నింటికీ కలిపి ఒకే వేతన ఒప్పందం కుదుర్చుకుంటాయి. ఉక్కు పరిశ్రమలోనూ 1969 నుంచి యాజమాన్యాలూ సంఘాలూ కలిసి కూర్చునే జాతీయ స్థాయి ఉమ్మడి కమిటీ ఉంది. విశాఖ ఉక్కు కార్మికుల జీతాల మాట కూడా అక్కడే నడుస్తుంది.

మూడవది కేంద్ర సంఘం, అంటే అన్ని రంగాల సంఘాలనూ దేశమంతటా కలిపే సంస్థ పేరు. దాని జిల్లా కమిటీలో రేవు, షిప్‌యార్డు, రిఫైనరీ సంఘాల పక్కనే ఆటో డ్రైవర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు కూర్చుంటారు. ఆపడానికి ఓడగాని కొలిమిగాని లేని అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు సమ్మె చేస్తే, వారి శిబిరానికి మా రేవు నుంచి జనమూ బియ్యమూ వెళ్లేవి ఈ దారినే. జిల్లా మీద రాష్ట్రం, రాష్ట్రం మీద దేశం. సభ్యుల సంఖ్యను బట్టి ఎన్నికైన ప్రతినిధులు మహాసభలో నాయకత్వాన్ని ఎన్నుకుంటారు.

1920లో బొంబాయిలో లాలా లజపతిరాయ్ అధ్యక్షతన ఏఐటీయూసీ (అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్) పుట్టినప్పుడు దేశానికి ఒకే కేంద్ర సంఘం ఉండేది. ఐఎన్‌టీయూసీ, హెచ్‌ఎంఎస్, బీఎంఎస్, సీఐటీయూ వంటి వేరే కేంద్ర సంఘాలు ఆ తరువాత వచ్చాయి. ఒకే గేటు దగ్గర ఇన్ని జెండాలు ఎగరడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అయితే 2021లో విశాఖ ఉక్కు కర్మాగారాన్ని ప్రైవేటుకు ఇస్తామని కేంద్ర ప్రభుత్వం అన్నప్పుడు వేర్వేరు జెండాలవారు ఒకే పోరాట కమిటీలో కూర్చున్నారు.

ఒక్క మాట దాచలేను. నాతో కలిసి అదే ఓడలో చెమటోడ్చిన కాంట్రాక్టు కార్మికులకు మేము చాలా ఏళ్లపాటు ఈ కార్డు ఇవ్వలేదు. అది మా తప్పే. నేను పదవీ విరమణ చేసిన ఏడాది మా శాఖ మొదటిసారి వారి పేర్లు రాసుకుంది.

మీ తాతయ్య