థీసిస్ ఫైల్లో స్క్రోల్ చేస్తూ కూర్చోకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

విద్యానగర్‌లో డీటీపీ పని చేస్తాను. ఉస్మానియా స్కాలర్ల థీసిస్‌లే ఎక్కువ. సబ్మిషన్ టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఒక్క పేరా కోసం ఫైలంతా స్క్రోల్ చేస్తుంటే బాధేస్తుంది.

అపోహ: బోల్డ్ చేసి సైజు పెంచితే అదే హెడ్డింగ్.

కంటికి హెడ్డింగే, ఎమ్మెస్ వర్డ్‌కు మాత్రం మామూలు పేరా. అధ్యాయం పేరు మీద కర్సర్ పెట్టి కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కండి. ఉపశీర్షికకు 2, దాని కిందిదానికి 3. రంగు, ఫాంట్ మారిపోతాయని చాలామంది దీని జోలికే పోరు. పైన హోమ్ ట్యాబ్‌లోని స్టైల్స్‌లో ఆ హెడ్డింగ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, మోడిఫైలో ఒక్కసారి సరిచేస్తే ఫైలంతా సర్దుకుంటుంది.

ఇక కంట్రోల్ ఎఫ్ నొక్కండి. ఎడమవైపు నావిగేషన్ పేన్ వస్తుంది. అందులో హెడ్డింగ్స్ ట్యాబ్ తెరిస్తే అధ్యాయాలన్నీ వరసగా ఉంటాయి, ఏది నొక్కితే అక్కడికే వెళ్తారు. గైడ్ గారు ఒక భాగాన్ని నాలుగో అధ్యాయం నుంచి మూడులోకి మార్చమన్నారనుకోండి, పేన్‌లో ఆ శీర్షికను పట్టుకుని లాగండి. కింది మేటరంతా దాంతోపాటే కదులుతుంది. నా దృష్టిలో వర్డ్‌లో ఇంతకన్నా పనికొచ్చేది లేదు. అయితే టేబుల్ లోపల, టెక్స్ట్ బాక్స్‌లో పెట్టిన శీర్షికలు పేన్‌లో కనిపించవు. వాటిని బయట పెట్టండి.

అపోహ: ముందుమాటకు రోమన్ అంకెలు వేశాక పేజీ నంబరుతో వెళ్లలేం.

వెళ్లొచ్చు. కంట్రోల్ జి నొక్కి, ఇంగ్లీషులో p5s3 అని కొడితే మూడో సెక్షన్‌లోని (అంటే సెక్షన్ బ్రేక్‌తో విడదీసిన మూడో భాగంలోని) ఐదో పేజీ వస్తుంది.

అపోహ: రిఫరెన్స్ చూడ్డానికి చివరికి వెళ్తే, రాస్తున్న చోటు మళ్లీ వెతుక్కోవాల్సిందే.

షిఫ్ట్ ఎఫ్5 చాలు. చివరిగా దిద్దిన చోటికి తీసుకొస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా నొక్కాలి. వర్డ్‌కు బదులు ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ వాడేవాళ్లు ఒట్టి ఎఫ్5 నొక్కితే నావిగేటర్ వస్తుంది, అందులోనూ శీర్షికల పట్టీ ఉంటుంది.

అపోహ: తెలుగు పదాలను వర్డ్ వెతకలేదు.

యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే తెలుగు అక్షరాల పద్ధతిలో టైప్ చేసిన ఫైలైతే చక్కగా వెతుకుతుంది. చిక్కంతా డీటీపీలో వాడే ‘అను’ అనే పాత పద్ధతి ఫాంట్ల ఫైళ్లతోనే. పైకి తెలుగు కనిపించినా లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. అందుకే యూనికోడ్‌లో కొట్టిన పదం వాటిలో దొరకదు. కావలసిన పదం ఫైల్లో ఒకచోట కనిపిస్తే, దాన్నే కాపీ చేసి సెర్చ్ బాక్స్‌లో పెట్టండి. అక్కడ గజిబిజిగా కనిపించినా మిగతా చోట్లు సాధారణంగా దొరుకుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం మొదటి పేజీ నుంచే యూనికోడ్‌లో టైప్ చేయించుకోండి.