బ్లర్ పుట్టేది సెన్సర్‌లో కాదు

కెమెరాలో బొమ్మ పడే పలక, అంటే సెన్సర్, ఎంత పెద్దదైతే బ్యాక్‌గ్రౌండ్ అంత బాగా బ్లర్ అవుతుందని ఫొటోలు తీసేవాళ్లలో గట్టి నమ్మకం. చేతికొచ్చే ఫొటో చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ అసలు సంగతి లెన్స్ రంధ్రంలో ఉంది.

ఫోకస్ కచ్చితంగా కుదిరేది ఒక్క దూరంలోనే. దానికి ముందూ వెనకా ఉన్న ప్రతి చుక్కా సెన్సర్ మీద చిన్న బిళ్లలా పరుచుకుంటుంది. ఆ బిళ్లను మన కన్ను చుక్కగానే చూసినంత మేరా డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే ఫొటోలో స్పష్టంగా కనిపించే లోతు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ (36×24 మి.మీ.) మీద 0.03 మి.మీ. బిళ్ల దాకా చెల్లుతుందని వాడుక.

రంధ్రం వెడల్పు తెలియాలంటే ఫోకల్ లెంగ్త్‌ని (దూరాన ఉన్నదాని మీద ఫోకస్ చేసినప్పుడు లెన్స్‌కీ సెన్సర్‌కీ మధ్య దూరం) ఎఫ్ నంబర్‌తో (ఎఫ్/2 లాంటి గుర్తులోని అంకె) భాగించాలి. 50 మి.మీ. లెన్స్, ఎఫ్/2 అయితే 25 మి.మీ. రాత్రిపూట ఒకరి ముఖం మీద ఫోకస్ చేసి తీశారనుకోండి. వెనక ఎక్కడో దూరాన ఉన్న దీపం ఫొటోలో వెలుగు బిళ్ల అవుతుంది. ముఖం కొలతతో పోల్చి చూస్తే దాని వెడల్పు కూడా దాదాపు 25 మి.మీ.యే! రంధ్రం ఎంతో బిళ్ల అంత. ఫోన్ లెన్స్ ఫోకల్ లెంగ్త్ 6 మి.మీ., ఎఫ్/1.8 అనుకుంటే రంధ్రం 3 మి.మీ. పైచిలుకు. దీపం పుట్టుమచ్చంత అవుతుంది, అంతే.

మరి సెన్సర్ చేసేదేమిటి? ఇక్కడే తమాషా. పై 50 మి.మీ. లెన్స్‌తో 2 మీటర్ల నుంచి తీస్తే ఫుల్ ఫ్రేమ్‌లో డెప్త్ సుమారు 19 సెం.మీ. అక్కడి నుంచే, అదే లెన్స్‌తో, ఒకటిన్నర రెట్లు చిన్న ఏపీఎస్-సీ సెన్సర్ మీద తీస్తే 13కి తగ్గుతుంది! చిన్న ఫొటోను ఎక్కువ పెద్దది చేసి చూస్తాం కాబట్టి మసక కూడా పెరుగుతుంది. అయితే అలా ఎవరూ తీయరు. ముఖం ఫ్రేములో పట్టడానికి 3 మీటర్లకు వెనక్కి జరుగుతారు, డెప్త్ 29కి పెరుగుతుంది. లేదా ఫోకల్ లెంగ్త్ తక్కువున్న పొట్టి లెన్స్ వేస్తారు, రంధ్రం చిన్నదవుతుంది. చిన్న సెన్సర్‌కి పడ్డ పేరంతా ఇలా వచ్చిందే.

ఫోకల్ లెంగ్త్ ఎక్కువున్న టెలీ లెన్స్ వేస్తే డెప్త్ తగ్గి బ్లర్ పెరుగుతుందన్న నమ్మకమూ సగమే నిజం. 100 మి.మీ. లెన్స్‌తో, అదే ఎఫ్/2లో, 4 మీటర్ల నుంచి తీసినా ముఖం అంతే పెద్దగా వస్తుంది, డెప్త్ ఆ 19 సెం.మీ. దగ్గరే ఉంటుంది. వెనక దీపం మాత్రం 50 మి.మీ. బిళ్లవుతుంది.

ఇక ఫోన్ల పోర్ట్రెయిట్ మోడ్. ఏది ఎంత దూరంలో ఉందో లెక్కగట్టి, వెనకున్నదాన్ని సాఫ్ట్‌వేర్ మసకబారుస్తుంది. రేగిన జుట్టు, కళ్లజోడు అంచుల దగ్గర ఆ లెక్క తప్పితే ఇట్టే దొరికిపోతుంది.