దలీప్ సింగ్ సౌంద్: అపోహలు, వాస్తవాలు

డిగ్రీ తరగతులకు రాజనీతిశాస్త్రం చెప్పడం నా వృత్తి. అమెరికా ప్రతినిధుల సభ పాఠం వచ్చినప్పుడల్లా, సభ్యుడి అర్హతలను వివరించడానికి నేను, ఆ సభకు ఎన్నికైన తొలి భారత సంతతి వ్యక్తి దలీప్ సింగ్ సౌంద్ జీవితాన్నే తీసుకుంటాను. బోర్డు మీద ‘కాంగ్రెస్ సభ్యుడు’ అని రాయగానే, ఆయనకు కాంగ్రెస్ టికెట్ ఎవరిచ్చారని అడిగే విద్యార్థి ఏటా ఒకరైనా ఉంటారు. అమెరికాలో కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, రెండు సభలున్న చట్టసభ; సౌంద్ డెమొక్రాటిక్ పార్టీకి చెందినవారు. ఈ సందేహం ఒక్క మాటతో తీరిపోతుంది కానీ, కొన్ని అపోహలు అంత తేలిగ్గా పోవు.

అపోహ: ఆ సభలో అడుగుపెట్టిన తొలి భారత సంతతి సభ్యుడు బాబీ జిందాల్.

జిందాల్ 2005లో ప్రమాణం చేశారు. సౌంద్ 1957 జనవరి 3న సభలో ప్రవేశించి, వరుసగా మూడు పర్యాయాలు గెలిచి, 1963 జనవరి దాకా కొనసాగారు. మధ్యలో 42 ఏళ్ల ఖాళీ ఉండటం వల్లనే కాబోలు, ఆయన పేరు మరుగున పడింది. ఆసియా నుంచి వచ్చిన తొలి సభ్యుడు అనేటప్పుడు మాత్రం ‘ఓటు హక్కు ఉన్న’ అనే విశేషణం చేర్చాలి. అప్పట్లో అమెరికా పాలనలో ఉన్న ఫిలిప్పీన్స్ తరఫున ఓటు హక్కు లేని కమిషనర్లు అంతకుముందే ఆ సభలో కూర్చున్నారు.

అపోహ: గణితంలో డాక్టరేట్ ఉంది కనుక ఆచార్యుడిగా స్థిరపడి, ఆ పరపతితో రాజకీయాల్లోకి వచ్చారు.

పంజాబ్‌లోని ఛజ్జల్‌వడ్డి గ్రామంలో 1899లో పుట్టిన సౌంద్ 1920లో అమెరికా చేరారు. ఆహార పదార్థాలను డబ్బాల్లో నిల్వ చేసే విద్య నేర్చుకుని తిరిగి వెళ్లిపోవాలన్నది మొదటి ఆలోచన. తరువాత గణితం వైపు మళ్లి, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1924లో డాక్టరేట్ పూర్తి చేశారు. అయితే ఆ పట్టా ఆయనకు ఉద్యోగం ఇప్పించలేదు. మరుసటి ఏడు మెక్సికో సరిహద్దునున్న ఇంపీరియల్ లోయకు వెళ్లి, పత్తి తీసే కూలీలకు మేస్త్రీగా కుదిరారు. ఆ ఊళ్లలో ఆయనను ‘డాక్టర్’ అని పిలిచినా, చేసింది మాత్రం సేద్యమే. సొంత పేరున భూమి కొనడానికి వీలులేదు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కలిగి ఉండరాదని కాలిఫోర్నియా 1913లోనే చట్టం చేసింది, భారతీయులకు ఆ అర్హత లేదని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1928లో సౌంద్ మేరియన్ కోసాను పెళ్లి చేసుకున్నారు. ఆమె అమెరికా పౌరురాలు. కానీ అలాంటి విదేశీయుణ్ణి పెళ్లాడిన స్త్రీ తన పౌరసత్వాన్నే కోల్పోయే చట్టం ఆనాడు అమలులో ఉండేది. ఈ మాట చెప్పినప్పుడు తరగతి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది.

అపోహ: ఆయన కాంగ్రెస్‌కు వెళ్లి భారతీయులకు పౌరసత్వం ఇప్పించారు.

ఇది కథను తలకిందులుగా చెప్పడమే. భారతీయులకు పౌరసత్వ హక్కును, ఏడాదికి 100 మంది వలస కోటాను ఇచ్చిన లూస్-సెల్లర్ చట్టం మీద అధ్యక్షుడు ట్రూమన్ 1946 జులై 2న సంతకం చేసేనాటికి సౌంద్ రైతు, ఆ చట్టం కోసం పోరాడిన సంఘ నాయకుడు మాత్రమే. ఆ చట్టం రాకపోయి ఉంటే ఆయన కాంగ్రెస్ మాట అటుంచి, ఓటు వేయడానికి కూడా అర్హులయ్యేవారు కాదు.

ఆయనకు పౌరసత్వం 1949 డిసెంబరు 16న వచ్చింది. నేను బోర్డు మీద రాసి, పాఠం అయ్యేదాకా చెరపకుండా ఉంచే తేదీ ఇదే. 1950 నవంబరులో వెస్ట్‌మోర్లాండ్ పట్టణ న్యాయస్థానానికి జడ్జిగా ఆయన ఎన్నికయ్యారు. అక్కడ జడ్జిని ప్రజలే ఓటు వేసి ఎన్నుకునేవారు. గెలిచిన తరువాత, ఎన్నిక నాటికి పౌరసత్వం వచ్చి ఏడాది నిండలేదని పదవి ఇవ్వలేదు. కొన్ని వారాలే తక్కువ. 1952లో మళ్లీ నిలబడి గెలిచారు. 1956లో కాంగ్రెస్‌కు పోటీ చేసినప్పుడు అదే లెక్క మళ్లీ ముందుకు వచ్చింది. ప్రతినిధుల సభ సభ్యుడు ఏడేళ్లుగా పౌరుడై ఉండాలని రాజ్యాంగం చెబుతుంది. నవంబరు 6న, అంటే పోలింగు నాటికి, ఏడేళ్లు నిండలేదు; జనవరి 3న, అంటే సభలో కూర్చునేనాటికి, నిండి 18 రోజులైంది. సొంత పార్టీలోని ప్రత్యర్థి దీని మీద కోర్టుకు వెళ్లినా ఆ వాదన నిలవలేదు, ఎందుకంటే చూడవలసింది పదవిని స్వీకరించే రోజును. అర్హతను ఏ తేదీన లెక్కించాలన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఇప్పటికీ దొరకలేదు.

అపోహ: ప్రవాస భారతీయుల ఓట్లతో గెలిచారు.

రివర్‌సైడ్, ఇంపీరియల్ కౌంటీలతో కూడిన ఆ నియోజకవర్గంలో భారతీయుల ఓట్లు లెక్కలోకి వచ్చేటన్ని లేవు. ప్రత్యర్థి జాక్వెలిన్ కాక్రన్ సామాన్యురాలు కాదు, ధ్వని వేగాన్ని దాటి విమానం నడిపిన తొలి మహిళ. ఆమె భర్త పెద్ద ధనవంతుడు. అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ ఐసెన్‌హోవర్ ఘనవిజయం సాధించిన ఆ రోజే, రిపబ్లికన్ అభ్యర్థిని ఓడించి సౌంద్ గెలిచారు. ఆయనను గెలిపించింది పొరుగు రైతుల, పట్టణవాసుల పరిచయమే. ఎన్నికైతే తలపాగాలు మీరే పంచుతారా, మేము కొనుక్కోవాలా అని అంతకుముందు జడ్జి పదవికి పోటీ చేసినప్పుడు ఒకాయన ఎగతాళి చేస్తే, తల మీద ఏముందన్నది తనకు పట్టదని, లోపల ఏముందన్నదే చూస్తానని ఆయన బదులిచ్చారు.

సభలో ఆయన భారతదేశపు ప్రతినిధి అన్న భావన మన పత్రికల్లోనూ కనిపిస్తుంది. విదేశీ వ్యవహారాల సంఘంలో ఉన్నారు, 1957లో భారత్‌తో సహా ఆసియా దేశాలు పర్యటించి, 37 ఏళ్ల తరువాత సొంత ఊరు చూశారు; అదంతా నిజమే. అయినా ఆయన ప్రాతినిధ్యం వహించింది కాలువ నీటి మీద బతికే ఎడారి రైతులకు.

చివరిది, అనారోగ్యంతో రాజీనామా చేశారన్నది. 1962 మేలో వచ్చిన పక్షవాతం ఆయన మాటను దెబ్బతీసింది. అయినా బ్యాలెట్‌లో పేరు ఉంది. ప్రచారానికి వెళ్లలేని స్థితిలోనే నవంబరులో రిపబ్లికన్ అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. జబ్బుపడిన సభ్యుణ్ణి తప్పించే నిబంధన రాజ్యాంగంలో లేదు కనుక, గడువు ముగిసిన 1963 జనవరి 3 వరకు ఆ స్థానం ఆయనదే. 1973 ఏప్రిల్ 22న కన్నుమూశారు.