మలేరియా క్రిమి ముందే తయారుచేసి దాచుకునే కాపీలు

చిన్నూ, బుజ్జీ,

మలేరియా క్రిమి మనలో ఒకలా, దోమలో ఇంకోలా ఎలా మారిపోద్ది పెదనాన్నా అని బుజ్జి అడిగింది కదా, ఫోన్లో చెప్తే సగం ఎగిరిపోద్ది అని రాస్తున్నా.

డీఎన్ఏ నుంచి ఎంఆర్ఎన్ఏ అనే కాపీ వస్తుంది, రైబోజోమ్ ఆ కాపీ చదివి ప్రోటీన్ చేస్తుంది, ఇది మీ సైన్స్ బుక్కులో ఉండే ఉంటుంది. అది చదివితే కాపీ రాగానే ప్రోటీన్ వచ్చేస్తుంది అనిపిస్తుంది, కానీ ఈ క్రిమి కొన్ని కాపీలు తీసి రైబోజోమ్‌కి ఇవ్వకుండా రోజుల తరబడి ఆపేస్తుంది. నాకు బాగా నచ్చే తెలివి ఇదే, దొంగ తెలివే అనుకోండి!

రక్తంలో ఉన్న క్రిముల్లో కొన్ని ఆడ, మగ రూపాలవుతాయి, గామెటోసైట్లు అంటారు. వాటికిక మనిషిలో పనేం లేదు, దోమ ఎప్పుడు కుడుతుందా అని చూడ్డమే, ఇవాళ కుట్టొచ్చు, వారానికి కుట్టొచ్చు, అసలు కుట్టకపోవచ్చు. కుట్టిందంటే మాత్రం టైం ఉండదు. దోమ పొట్టలో చల్లగా ఉంటుంది, గ్జాంథ్యూరెనిక్ యాసిడ్ అనే పదార్థం కూడా తగుల్తుంది, అదే సిగ్నల్, పావుగంటలో మగది ఎనిమిది బీజాలుగా విడిపోయి ఆడదాన్ని వెతుక్కుంటుంది, కలిశాక ఒక్క రోజులో పొట్ట గోడ దాటే రూపంలోకి రావాలి, చుట్టూ ఏమో జీర్ణరసాలు. అప్పుడు కూర్చుని కాపీలు తీయడమంటే చుట్టాలు గుమ్మంలోకొచ్చాక మినప్పప్పు నానబోసినట్టే.

అందుకని ఆడది పీ25, పీ28 అనే పైపొర ప్రోటీన్ల కాపీలు మన రక్తంలో ఉండగానే తీసి, డోజీ అనే ప్రోటీన్‌ని వాటికి అంటించి పక్కన పెట్టుకుంటుంది. డోజీ ఉన్నంతసేపూ ప్రోటీన్ తయారవదు, కాపీ పాడవదు. 2006లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ సైంటిస్టులు ఎలుకల మలేరియా క్రిమిలో డోజీ జీన్ తీసేసి చూస్తే దాచుకున్న కాపీలు వందల్లో మాయం, ఆడా మగా కలిసినా పిండం ఎదగలేదు.

1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడ మీద చూసిన గుండ్రటి కణాలు ఈ గండం గడిచి బతికినవే. ఆయనకిదంతా తెలిసే ఛాన్సే లేదులెండి, ఎంఆర్ఎన్ఏ బయటపడిందే 1961లో.

తర్వాత దోమ లాలాజల గ్రంథుల్లోనూ ఇదే ఆట. అక్కడ చేరి, దోమ కుట్టినప్పుడు మనలోకొచ్చి ముందు లివర్‌కి వెళ్లే క్రిమి రూపాల్ని స్పోరోజోయిట్లు అంటారు, అవి లివర్‌లో వాడుకోవాల్సిన కాపీల్ని పఫ్2 అనే ప్రోటీన్‌తో ఆపుకుంటాయి, పైగా ఐకే2 అనే ఎంజైమ్ మొత్తం ప్రోటీన్ తయారీకే బ్రేకేస్తుంది. పఫ్2 తీసేస్తే తొందరపడి దోమలోనే లివర్ రూపంలోకి మారడం మొదలెడతాయి, ఇక మనల్ని కుట్టినా అంత ఎఫెక్ట్ ఉండదు.

ఇంకోటి చిన్నూ, నీకు వ్యాక్సిన్లంటే ఇంట్రస్ట్ కదా. పీ25 దోమలోనే తయారవుతుంది కాబట్టి మన ఇమ్యూనిటీ దాన్ని ఎప్పుడూ చూడలేదు. అందుకే దాని మీద వ్యాక్సిన్లు ట్రై చేస్తున్నారు, ఇంజెక్షన్ మనకి, యాంటీబాడీలు మాత్రం రక్తంతో పాటు దోమ పొట్టలోకెళ్లి అక్కడ పనిచేస్తాయి, అంటే వేయించుకున్నోడికి జ్వరం ఆగదు, పక్కింటోళ్లకి అంటడం తగ్గుతుంది. చిక్కేంటంటే ట్రయల్స్‌లో ఆ యాంటీబాడీలు త్వరగా తగ్గిపోతున్నాయి, దాని మీదే ఇంకా కుస్తీ పడుతున్నారు.

ఉంటా,
మీ పెదనాన్న