మంచుబావికి సరిపడా యాంటెన్నా: రేడియోతో న్యూట్రినోల వేట వెనుక అరవై ఏళ్లు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇంజినీరింగ్ కళాశాలల్లో ఈసీఈ చదివేవారందరికీ యాంటెన్నాల పేపరు ఎదురవుతుంది. డైపోల్, యాగీ, హార్న్, లాగ్ పీరియాడిక్ అంటూ వరుసగా వచ్చే ఆ అధ్యాయాలను చాలామంది పరీక్ష దాకా మోసి అక్కడే దించేస్తారు. అవే యాంటెన్నాలు అంటార్కిటికా, గ్రీన్లాండ్ మంచులో అత్యధిక శక్తి గల న్యూట్రినోల (విద్యుదావేశం లేని అతి సూక్ష్మ కణాల) కోసం చెవులు రిక్కించి ఉన్నాయి. ఈ ప్రయత్నాన్ని భౌతిక శాస్త్రవేత్తల గాథగానే చెప్పడం పరిపాటి అయినా, అందులో పెద్ద భాగం యాంటెన్నా తయారీదారులదేనని చరిత్ర చూస్తే తెలుస్తుంది.

న్యూట్రినో పదార్థంతో దాదాపు తగవు పెట్టుకోదు, కాబట్టి దాన్ని పట్టాలంటే చాలా పెద్ద పదార్థరాశి కావాలి. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను 1965లో కోలార్ బంగారు గనుల లోతుల్లో గుర్తించిన తొలి ప్రయోగాల్లో మన దేశ శాస్త్రవేత్తల పాత్ర ఉంది. దక్షిణ ధ్రువం వద్ద ఘన కిలోమీటరు మంచులో న్యూట్రినో ఢీకొన్నప్పుడు పుట్టే కాంతిని పట్టే 5,160 సంవేదకాలను దించిన ఐస్‌క్యూబ్ ప్రయోగం, విశ్వాంతరాళం నుంచి వచ్చిన న్యూట్రినోలకు 2013లో ఆధారాలు ప్రకటించింది. అంతకంటే ఎక్కువ శక్తి గలవి మరీ అరుదు. వాటికి ఘన కిలోమీటరు చాలదు. మంచులో కాంతి సుమారు వంద మీటర్లలోనే క్షీణిస్తుంది గనుక సంవేదకాలను దగ్గర దగ్గరగా అమర్చక తప్పదు. దక్షిణ ధ్రువపు చల్లని మంచులో రేడియో తరంగం కిలోమీటరు వరకు పోగలదు. ఖర్చు లెక్క అంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

రేడియో తరంగం ఎలా పుడుతుందో 1962లో సోవియట్ భౌతిక శాస్త్రవేత్త గుర్గెన్ ఆస్కార్యాన్ చెప్పారు. న్యూట్రినో మంచులో ఢీకొన్నప్పుడు ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్ల (ధనావేశం గల ఎలక్ట్రాన్ జంట కణాల) జల్లు పుడుతుంది. జల్లు ముందుకు సాగేకొద్దీ దారిలోని అణువుల ఎలక్ట్రాన్లు కొన్ని అందులో కలుస్తాయి, పాజిట్రాన్లు కొన్ని నశిస్తాయి. ఆ విధంగా సుమారు 20 శాతం రుణావేశం మిగులు తేలుతుంది. జల్లు వెడల్పు పది సెంటీమీటర్ల స్థాయిలోనే ఉంటుంది కాబట్టి అంతకంటే పొడవైన తరంగాల విషయంలో, ఒడ్డున వల లాగేవారంతా ఒకే కేకకు లాగినట్టు, కణాల ఉద్గారమంతా ఒక్కటై కలుస్తుంది. ఫలితంగా రేడియో శక్తి కణాల సంఖ్య వర్గానికి అనులోమంగా పెరుగుతుంది.

ఈ ఊహకు ప్రయోగశాల రుజువు దొరకడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ధ్రువపు మంచులో యాంటెన్నాలు అమర్చాలన్న ప్రతిపాదన 1980లలో సోవియట్ శాస్త్రవేత్తల నుంచే వచ్చింది. సంకేతం ఆకృతిని లెక్కగట్టిన జాస్, హాల్జెన్, స్టానెవ్‌ల పత్రం 1992లో వెలువడింది. చివరికి డేవిడ్ సాల్ట్‌జ్‌బర్గ్, పీటర్ గోర్హమ్ తదితరులు స్టాన్‌ఫర్డ్ యాక్సిలరేటర్ కేంద్రంలో మూడున్నర టన్నుల సిలికా ఇసుకలోకి గామా కిరణాలను పంపి, వెలువడిన రేడియో స్పందనను కొలిచి, 2001లో ప్రచురించారు. ఎలక్ట్రాన్లనే నేరుగా పంపితే కనిపించే ఆవేశం వాటిదా, ఇసుకలో పుట్టినదా అన్న సందేహం మిగిలిపోయేది. ఆవేశం లేని గామా కిరణాలను ఎంచుకోవడంలోని నేర్పు అదే. మంచుతో అదే కేంద్రంలో 2006లో పరీక్ష జరిగింది.

అప్పటి నుంచి బరువు యాంటెన్నా మీద పడింది. సంకేతం ఒకటి రెండు నానోసెకన్ల స్పందన మాత్రమే, అందువల్ల ఒకే పౌనఃపున్యానికి శ్రుతి చేసిన యాంటెన్నా పనికిరాదు, విశాలమైన బ్యాండ్ కావాలి. చుట్టూ మనిషి చేసే రేడియో రొద ఉండకూడదు. విశాఖ రేవు నుంచి భావనపాడు, కళింగపట్నం మీదుగా తిరిగే మరపడవల వీహెచ్‌ఎఫ్ సెట్లు పలకరించుకునే 156 మెగాహెర్ట్జ్ ప్రాంతం సరిగ్గా ఈ ప్రయోగాలకు కావలసిన బ్యాండ్‌లోనే పడుతుంది. పైగా మన తీరంలోని ఉప్పునీరు రేడియో తరంగాన్ని కొద్ది దూరంలోనే మింగేస్తుంది. ధ్రువాలకు పోవడానికి కారణం మంచు ఒక్కటే కాదు, నిశ్శబ్దం కూడా.

ఒక్కో ప్రయోగం తన చోటును బట్టి యాంటెన్నాను ఎంచుకుంది. సుమారు 37 కిలోమీటర్ల ఎత్తున బెలూన్‌లో తిరిగిన అనిటా 200 నుంచి 1200 మెగాహెర్ట్జ్ వరకు పనిచేసే హార్న్‌లను మోసింది. రాస్ మంచు పలకపై అరియానా లాగ్ పీరియాడిక్ యాంటెన్నాలను మంచు పైపొరలోనే పాతింది. దక్షిణ ధ్రువం వద్ద ఆరా మాత్రం 200 మీటర్ల లోతు ఎంచుకుంది, ఎందుకంటే పైపొరల్లో సాంద్రత లోతుతో పాటు మారుతూ తరంగాలను వంచేస్తుంది. ఆ లోతుకు చేసిన బావుల వ్యాసం సుమారు 15 సెంటీమీటర్లు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 150 మెగాహెర్ట్జ్ తరంగం గాలిలో రెండు మీటర్ల పొడవుంటుంది, 1.78 వక్రీభవన గుణకం గల మంచులో అది 112 సెంటీమీటర్లకు తగ్గుతుంది. యాంటెన్నా బాగా పనిచేయాలంటే దాని కొలత తరంగం పొడవుతో పోల్చదగినంత ఉండాలి. నిలువు ధ్రువణానికి, అంటే తరంగపు విద్యుత్ క్షేత్రం నిలువుగా ఊగే తీరుకు, రెండు శంకువులను మొనలు ఎదురుగా పెట్టిన బైకోన్‌ను బావిలో పొడవునా దించవచ్చు, కానీ అడ్డ ధ్రువణానికి కావలసిన అడ్డపు చోటు 15 సెంటీమీటర్లే. అందుకే చీలికలు పెట్టి లోపల ఫెరైట్ అనే అయస్కాంత పదార్థం నింపిన లోహపు గొట్టాలతో సర్దుకున్నారు. రెండు ధ్రువణాలూ తెలిస్తే తప్ప న్యూట్రినో వచ్చిన దిశను సరిగా కట్టలేం కనుక ఈ సర్దుబాటు చిన్నది కాదు.

సంప్రదాయంగా యాంటెన్నా నాణ్యతను గెయిన్ (ఒక దిశలో సంకేతాన్ని ఎంత బలంగా అందుకుంటుందో), బ్యాండ్‌విడ్త్ (ఎంత విశాలమైన పౌనఃపున్యాల శ్రేణిలో పనిచేస్తుందో)లతో తూచుతారు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం కేంద్రంగా పనిచేసే జెనెటిస్ బృందం ఆ తూకాన్నే మార్చింది. కంప్యూటరు యాదృచ్ఛికంగా పుట్టించిన బైకోన్ ఆకారాలను, ఎంత మంచులోని న్యూట్రినోలను పట్టగలవో లెక్కించి, మెరుగైన వాటిని సంకరం చేస్తూ తరతరాలుగా పెంచుతుంది. బావిలో పట్టని ఆకారానికి మార్కులు కోస్తుంది. ఇటువంటి పరిణామ పద్ధతిలో పుట్టిన యాంటెన్నాలను నాసా 2006లోనే స్పేస్ టెక్నాలజీ 5 ఉపగ్రహాలతో అంతరిక్షానికి పంపింది. తేడా ఏమిటంటే, ఇక్కడ ఆకారానికి మార్కులు వేసేది భౌతిక శాస్త్ర ఫలితమే. నా దృష్టిలో ఈ మార్పు ఏ కొత్త ఆకారం కన్నా ముఖ్యమైనది. మంచులో రేడియో పద్ధతితో నిర్ధారణ అయిన న్యూట్రినో ఇంతవరకు ఒక్కటీ లేదు కాబట్టి, ఉన్న బావిలో నుంచి పిండుకోగల ప్రతి కాస్త సున్నితత్వమూ లెక్కకు వస్తుంది.

గ్రీన్లాండ్ సమ్మిట్ స్టేషన్ వద్ద 2021లో మొదలైన ఆర్‌ఎన్‌ఓ-జి ఇదే చిక్కును డ్రిల్లుతో ఎదుర్కొంది. 35 కేంద్రాలుగా తలపెట్టిన ఈ ప్రయోగంలో బావుల లోతును వంద మీటర్లకు తగ్గించి, వ్యాసాన్ని సుమారు 28 సెంటీమీటర్లకు పెంచారు. అడ్డ ధ్రువణానికి దాదాపు 20 సెంటీమీటర్ల గొట్టం పట్టడానికి ఆ వెడల్పే వీలు కల్పించింది.